అర్థం రాయని కార్డులు

పోయినవారం మనం చిన్నకోడలిని అనువాదాల ఆఫీసులో వదిలేశాం. తన టేబులు మీది సామాను ఒక్కొక్కటే అట్టపెట్టెలోకి సర్దుకుంటోంది. మర్నాడు పదిగంటలకి ఖాతాదారు కంపెనీ మేనేజరమ్మ వస్తుందనీ, ఆ తర్వాత ఈ టేబులు తనది కాదనీ పెద్దకొడుకు అప్పటికే చెప్పేశాడు. కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. పాతవాళ్ళు కూడా ఉండండి, ఈ ఉప్పు సంగతి రెండోసారి విన్నా చప్పగా ఉండదు.

ఆసుపత్రుల్లో కత్తులూ కత్తెరలూ ఆవిరితో శుభ్రంచేసే యంత్రాలని అమ్మే కంపెనీ ఒకటి ఈ ఆఫీసుకి పాత ఖాతాదారు. ఆ యంత్రాలు తయారుచేసే పైదేశపు ఇంజనీరు కంపెనీకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాడు. పాత మీటరు సరిగ్గా పనిచేయడం లేదట, కొత్తది వచ్చేదాకా అది చూపించే అంకెని 'విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్' తీసుకోమన్నాడు. ఆ అంకెని గుడ్డిగా నమ్మకండి అని చెప్పడం ఆయన ఉద్దేశం. ఈ ఆఫీసు ముద్రతో ఆసుపత్రికి వెళ్ళిన తెలుగు కాగితంలో మాత్రం "మీటరు చూచు ప్రతిసారి చిటికెడు ఉప్పు వేయవలెను" అని ఉంది.

ఆసుపత్రిలో ఆ యంత్రం నడిపేది ఆవిరాయన. అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. కాగితంలో ఏముంటే అది తు.చ. తప్పకుండా చేసే మనిషి. నలభై రోజులు, రోజుకి నాలుగుసార్లు, ఇంటినుంచి తెచ్చుకున్న సీసా మూత తీసి, నీళ్ళ ట్యాంకులో చిటికెడు ఉప్పు వేసి, ఆ తర్వాతే మీటరు వంక చూశాడు. నలభై ఒకటో రోజు ట్యాంకు విప్పి చూస్తే అడుగంతా తుప్పు. మనుషులకి ఏ అపాయమూ జరగలేదు, అంతవరకూ మేలు. కానీ ట్యాంకు పోయింది, ఆవిరాయన చేతిలో నోటీసు పడింది, ఈ ఆఫీసు పరువు వీధిన పడింది.

ఆ తెలుగు ఎవరు చేశారు? కాగితం మీద సంతకం లేదు. నిన్న పెద్దకొడుకు ఒక కార్డు చూపిస్తూ, దీన్ని బట్టే చేశాం, ఈ కార్డు రాసింది చిన్నకోడలు అన్నాడు. చూస్తానని ఆమె చేయి చాపితే ఇవ్వలేదు. రేపు అందరి ముందూ చూద్దువుగాని అని చొక్కాజేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అక్కడ ఆపాం.

ఇక ఇవాళ్టి సంగతి.

ముందు రెండు గదులు ఆఫీసు, వెనక మూడు గదులు ఇల్లు. మధ్యలో ఉన్న తలుపు పగలంతా తెరిచే ఉంటుంది, అందుకని ఆఫీసులో కుక్కరు కూతా ఇంట్లో టైపు చప్పుడూ వినిపిస్తూనే ఉంటాయి. ఆ ఉదయం రెండూ లేవు. వెనకగదిలో కార్డులకి కాగితం కోసే యంత్రం దగ్గర చిన్నకోడలి భర్త ఒక్కడే ఏదో పని కల్పించుకుని నిలబడ్డాడు. మాట తక్కువ మనిషి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో అన్నగారి ముందు గొంతెత్తింది లేదు, అందుకు ఆమెకి అప్పుడప్పుడూ ఒళ్ళుమండేది కూడా.

మామగారు తన పడక్కుర్చీలో ఉన్నారు. నాలుగు రోజుల కిందటే కుడికంటికి ఆపరేషను అయింది, ఎడమకన్ను ఎప్పట్నుంచో సరిగా ఆనదు. కళ్ళకి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. నలభై రెండేళ్ళ కిందట ఒక్క టేబులుతో ఈ ఆఫీసు పెట్టిన మనిషి, జీవితంలో మొదటిసారి ఏ కాగితాన్నైనా ఇంకొకరు చదివిపెడితే వినాల్సిన స్థితిలో ఉన్నారు. ఆ సంగతి పెద్దకొడుక్కి బాగానే తెలుసు. పంచాయితీ ఈ వారంలోనే పెట్టడానికి కారణం కూడా అదేనని నాకు గట్టి అనుమానం.

ఆయన వీపు వెనక గోడంతా అరలు. రెండు డజన్ల కర్ర అరలు, ఒక్కోదానికీ ఇత్తడి పిడి, వాటిలో పదకొండువేల చిల్లర కార్డులు. ఇంగ్లీషువాళ్ళు మామూలు మాటల మధ్యలో వాడే పలుకుబళ్ళన్నీ అందులో ఉన్నాయి. నిఘంటువులో వెతికి రాసినవి కావు. రేవులో, ఆసుపత్రుల్లో, కోర్టు వరండాల్లో, హోటళ్ళలో చెవిన పడ్డవాటిని అక్కడికక్కడే రాసుకొచ్చి మామగారు కార్డుకెక్కించేవారు. ఆయన తర్వాత ఆ పని చేసింది చిన్నకోడలే. టైపిస్టుగా వచ్చి, అరలన్నీ చదివేసి, కోడలై, మరో రెండువేల కార్డులు చేర్చింది. పెద్దకొడుకు మాత్రం ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్ళకి మర్యాదలు చేసేవాడు, ముద్రలు వేసేవాడు. ఆఫీసులో ఆయన చేయి పడని సామాను ఏదన్నా ఉందంటే ఆ అరలే.

పదికి రెండు నిమిషాలుందనగా మేనేజరమ్మ వచ్చింది. వెనకే ఆవిరాయన. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫారం వేసుకొచ్చాడు పాపం, శిక్ష వేయించుకోడానికి వచ్చేటప్పుడు కూడా బొత్తాలన్నీ పెట్టుకునే రకం. కూర్చోమంటే కూర్చోలేదు.

మేనేజరమ్మ నాన్చే మనిషి కాదు. మాకు ఇద్దరి సంగతి తేలాలి, అంది. ఆసుపత్రివాళ్ళు ఈయన్ని పనిలోంచి తీసేస్తామంటున్నారు, ఈయనేమో కాగితంలో ఉన్నదే చేశానంటున్నాడు. కాగితం మీది. మీలో తప్పు ఎవరిదో తేలితే ఆ మనిషి చేతికి మా పని ఇకముందు వెళ్ళకూడదు. తేలకపోతే మా పని అసలు ఈ గుమ్మంలోకే రాదు.

పెద్దకొడుకు ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. గొంతు సవరించుకుని, ఇంటిగుట్టు బయటపెట్టుకోవడం బాధగా ఉందనీ, కానీ ఖాతాదారు దగ్గర దాపరికం పనికిరాదనీ, మరదలు చదువుకున్నది తక్కువనీ, నాన్నగారు మురిపెం కొద్దీ కార్డుల పని అప్పగించారనీ, తను ఎన్నోసార్లు వద్దని చెప్పాడనీ, ఒకదాని వెనక ఒకటి వరసగా చెప్పుకొచ్చాడు. చిన్నకోడలు అట్టపెట్టెలో పైనే కనిపిస్తున్న తన కళ్ళజోడు పెట్టెని చూస్తూ నిలబడింది. పదిహేనేళ్ళ కిందట మొదటి జీతంతో కొనుక్కున్న పెట్టె అది. ఈ టేబులు పోతే తనకి ఇంట్లో చోటు ఉంటుంది, కంచంలో అన్నం ఉంటుంది, చేతిలో పని మాత్రం ఉండదు. 

పెద్దకొడుకు జేబులోంచి కార్డు తీసి మేనేజరమ్మ చేతికిచ్చాడు.

"పైకే చదవండి," అన్నారు మామగారు కుర్చీలోంచి. "నాకు కనబడదు."

మేనేజరమ్మ చదివింది. "విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్. అర్థం: కొద్దిగా ఉప్పు చేర్చి తీసుకొనుట. కింద చి.కో. అని పొడి అక్షరాలు."

 ఆవిరాయన తలదించుకున్నాడు. మామగారి చేయి కుర్చీ పట్టెమీద ఒక్కసారి బిగుసుకుని మళ్ళీ వదులైంది.

చిన్నకోడలు తల ఎత్తింది. నిన్నటినుంచీ ఆ మొహంలో లేని వెలుగు ఇప్పుడు కనబడింది. ఆమెకి నవ్వొచ్చింది, పెద్దల ముందు బాగుండదని దాన్ని పంటికింద ఆపుకుంది. కార్డులో ఏముందో తెలియక రాత్రంతా భయపడింది. నిజంగానే నావల్ల ఎక్కడైనా పొరపాటు జరిగిందా, ఆ రెండువేల కార్డుల్లో ఒక్కటి జారిపోయిందా అని తనలో తనే కుమిలిపోయింది. ఇప్పుడు ఆ భయం ఆనవాలు లేకుండా పోయింది.

"ఇంకోసారి చదవమ్మా," అన్నారు మామగారు. "ఆ రెండో వరుసలో మొదటి మాట ఏమిటన్నావు?"

"అర్థం అండి."

"అలాగా," అన్నారాయన. ఆ తర్వాత మాట కోడలికి వదిలేశారు. "నువ్వేమంటావమ్మా?"

చిన్నకోడలు బావగారి వైపు తిరిగింది. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన ఎదురుగా నిలబడి మొహంలోకి చూసి మాట్లాడింది లేదు. ఇప్పుడు చూసింది.

"బావగారూ, ఈ కార్డు మీకు ఏ అరలో దొరికింది?"

"ఏ అరేమిటి? ఉండాల్సిన అరలోనే."

"అదే ఏదండీ?"

"పించ్ అంటే 'ప' కదా," అన్నాడు పెద్దకొడుకు, చిన్నపిల్లకి చెబుతున్నంత ఓర్పుగా. "'ప' అరలో."

"ఒకసారి చూపిస్తారా?"

ఆయన లేచి అరల దగ్గరికి వెళ్ళాడు. మొదటి వరస చూశాడు, వంగి రెండోది చూశాడు. ఒక్కో పిడికింద అతికించిన చీటీ మీద రంగు వెలిసిన సిరాతో చిన్నచిన్న అక్షరాలున్నాయి. కళ్ళజోడు పైకి తోసుకుని ఒక చీటీ దగ్గర ఆగాడు. ఇంకోదాని దగ్గర ఆగాడు. మెడ వెనక చెమట పట్టడం మేనేజరమ్మకి కూడా కనబడింది.

"చదవండి బావగారూ. మామయ్యగారికి కనబడదు."

"డాక్టరు, రోగి," అని చదివాడు ఆయన. గొంతు తగ్గిపోయింది. "యజమాని, పనివాడు. అమ్మేవాడు, కొనేవాడు. మొగుడు, పెళ్ళాం."

"'ప' ఎక్కడుందండీ?"

ఆయన మళ్ళీ మొదటి వరసకి వచ్చాడు.

'ప' అర ఎక్కడా లేదు. 'అ' కూడా లేదు. ఆ గోడ మీద అక్షరక్రమం అనేదే లేదు. అరలన్నీ మనుషుల వరసలోనే ఉన్నాయి, ఎవరు ఎవరితో అన్న మాట అయితే ఆ ఇద్దరి అరలో ఆ కార్డు. ఆ మాట చిన్నకోడలు మేనేజరమ్మకి నెమ్మదిగా విడమరిచి చెప్పింది. మీకు నచ్చిన అర లాగి, చేతికొచ్చిన నాలుగు కార్డులు తీయండి, నేను ముట్టుకోను అని పక్కకి తప్పుకుంది.

మేనేజరమ్మకి ఇలాంటివంటే సరదా అనుకుంటాను. చేతిసంచి కుర్చీలో పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కిందివరసలో ఒక అర లాగింది.

"అండర్ ద వెదర్," అని చదివింది. "గుమాస్తా, పై అధికారితో, ఫోనులో. తర్వాత: ఫోను పెట్టేసి దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాడు. మధ్యాహ్నం లేచి మిరియాల చారు అడిగాడు."

ఇంకోటి తీసింది. "కాల్ ఇట్ ఎ డే. మేస్త్రీ, కూలీలతో. తర్వాత: పార కడిగి గోడకి ఆనించాడు, చొక్కా తొడుక్కున్నాడు."

మూడోది తీసింది, నాలుగోది తీసింది, అడగకుండానే ఇంకో అర లాగి అయిదారు తీసింది. అన్నిటికీ మూడే వరసలు. మొదటి వరసలో మాట, రెండో వరసలో ఎవరు ఎవరితో అన్నారు, మూడో వరసలో అన్న తర్వాత ఏం చేశారు. అర్థం అన్న ముక్క ఒక్క కార్డు మీదా లేదు.

"అర్థం ఎందుకు రాయలేదు?" అంది మేనేజరమ్మ, కార్డుల్లోంచి తల ఎత్తకుండానే.

జవాబు మామగారు చెప్పారు. మొదట్లో తనూ రాసేవారట. అర్థం రాసి ఉంటే చదివేవాడు అక్కడితో ఆగిపోతాడు, ఎవరన్నారో ఎందుకన్నారో చూడడు. అందుకని మొదటి మూడువందల కార్డులూ చించేసి, అర్థం లేకుండా మళ్ళీ రాశారట. ఈ ఇంట్లో కార్డు మీద అర్థం రాయడం అప్పట్నుంచీ నిషిద్ధం. ఆ సంగతి ఈ పిల్లకి మొదటిరోజే చెప్పాను, అన్నారు. పెద్దవాడికి కూడా చెప్పాను, ముప్ఫయ్యేళ్ళ కిందట. వినలేదన్నమాట.

"ఇప్పుడు అసలు కార్డు తీస్తాను," అంది చిన్నకోడలు.

తడుముకోలేదు. పైనుంచి రెండో వరసలో ఎడమవైపు అర లాగి, వేళ్ళతో పది కార్డులు ముందుకి తోసి, ఒకటి పైకి తీసింది. అంచులు మెత్తబడి పసుపురంగుకి తిరిగిన కార్డు. దాన్ని మేనేజరమ్మకి ఇవ్వలేదు. నాలుగడుగులు వేసి ఆవిరాయన చేతిలో పెట్టింది.

"మీరు చదవండి, బాబాయిగారూ."

ఆయన బెదిరిపోయాడు. తనకి ఇంగ్లీషు రాదన్నాడు. రానక్కర్లేదు, కింది రెండు వరసలూ చదవండి చాలు అంది ఆమె. ఆవిరాయన కార్డుని కంటికి దూరంగా పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.

"ఎవరు: బస్సు డిపో మేనేజరు, కొత్త డ్రైవరుతో, గోడమీది టైంటేబులు చూపించి. తర్వాత: డ్రైవరు టైంటేబులు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సు ఎప్పుడొస్తుందో గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగి కనుక్కున్నాడు."

 మళ్ళీ ఒకసారి పెదాలు కదుపుతూ తనలో తను చదువుకున్నాడు. ఆ మనిషి మొహంలో ఏదో తెలిసినట్టు కనుబొమలు పైకి లేచాయి.

"అంటే ఆ టైంటేబులుని పట్టుకు కూర్చోవద్దనా?"

"మీరే చెప్పండి."

"అంతేగా మరి. ఉందంటే ఉంది, కానీ దాన్ని నమ్ముకుని మోసపోకు, నీ జాగ్రత్తలో నువ్వుండు అని." అక్కడ ఆగి, ఉన్నట్టుండి మేనేజరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీటరూ అంతేనన్నమాట. దాన్ని నమ్మొద్దు, ఆవిరి సంగతి నువ్వే చూసుకో అని. అది నాకు ముందే తెలుసు. ఆ మీటరు అబద్ధాలకోరని నేను రెండేళ్ళనుంచీ మొత్తుకుంటున్నా."

మేనేజరమ్మ నవ్వేసింది. నవ్వుని ఆపుకోవాలని చూసి కుదరక కుర్చీలో కూర్చుంది.

"నలభై రోజులు ఉప్పు మోశానమ్మా," అన్నాడు ఆవిరాయన, ఇప్పుడు తనూ నవ్వుతూ, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "యంత్రానికి కూడా వంట మొదలెట్టావా అని మా ఆవిడ రోజూ ఆడిపోసుకునేది."

ఇంగ్లీషు ముక్క రాని మనిషి, అర్థం రాయని కార్డు చదివి, ఇంగ్లీషు ఉత్తరంలోని మాట ఇంజనీరు మనసులో ఎలా ఉందో అలాగే పట్టేశాడు. నలభై రెండేళ్ళ పనికి ఇంతకంటే పెద్ద బిరుదు ఎవరిస్తారు? ఆకుపచ్చ గుడ్డ కింద మామగారి మొహం వెలిగిపోవడం చిన్నకోడలు చూసింది.

పెద్దకొడుకు అరల దగ్గరే నిలబడి ఉన్నాడు. ఈ కార్డు తనకి దొరికిందే తప్ప ఎవరు రాశారో తనకేం తెలుసని గొణిగాడు.  దానికి జవాబు చెప్పింది వెనకగదిలోంచి వచ్చిన చిన్నకోడలి భర్త. చేతిలో కాగితం ముక్కలతో గుమ్మంలో నిలబడి, అన్నయ్యా, మొన్న సాయంత్రం నా దగ్గర ఖాళీ కార్డు ఒకటి అడిగి తీసుకున్నావు, అన్నాడు. అంతే. అనేసి తన భార్య పక్కకి వచ్చి నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళ ఒళ్ళుమంట ఆమెకి ఆ క్షణంలో చల్లారిపోయింది.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఆ ఉత్తరం వచ్చిన రోజు భోజనాల వేళ, ఖాతాదారు తొందరపెడితే, దాన్ని ఫోనులో పెట్టి ఆ ఫోనుచేతే తెలుగు చేయించి, తిరిగి చూసుకోకుండా ముద్రవేసి పంపేశానని పెద్దకొడుకు ఒప్పుకున్నాడు. చెబుతున్నంతసేపూ నేల చూపులే.

"తప్పు చేశావని కాదురా," అన్నారు మామగారు. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ భయంగా ఉంది. "తప్పు నేనూ చేశాను. ఆఫీసు పెట్టిన కొత్తలో, పెళ్ళికొడుక్కి 'కోల్డ్ ఫీట్' అని ఉత్తరంలో ఉంటే, కాళ్ళు చల్లబడుతున్నాయని రాసిచ్చాను. ఆడపెళ్ళివారు ఉన్నిమేజోళ్ళు పంపించారు. అవి తొడుక్కునే పారిపోయాడు వాడు. అందరూ నవ్వారు, నా పేరు చెప్పుకునే నవ్వారు. నువ్వు నీ తప్పు తీసుకెళ్ళి ఈ పిల్ల పేరు మీద వేశావు."

ఆయన తడుముకుంటూ చొక్కాజేబులోంచి ఆ అరలకున్న ఒకే ఒక్క చిన్న తాళంచెవి తీసి గాల్లోకి చాపారు. ఎవరి కోసమో పేరుపెట్టి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. చిన్నకోడలు వెళ్ళి రెండు చేతులతో అందుకుంది.

మేనేజరమ్మ లేచి, యంత్రాల పుస్తకాలు మొత్తం కొత్తగా తెలుగు చేయించాలనీ, ప్రతి కాగితం కిందా ఈవిడ సంతకం ఉండాలనీ, ఆ సంతకం లేనిది తమ కంపెనీలో చెల్లదనీ చెప్పేసింది. పాడైన ట్యాంకు మార్పించే పూచీ ఆఫీసు తీసుకోవాలంది, దానికి మామగారు సరేనన్నారు. చిన్నకోడలు మాత్రం తనకి ముందు ఇంకో పని ఉందంది. అప్పటికప్పుడు టైపు మిషను ముందు కూర్చుని, తప్పు తమ ఆఫీసుదనీ, యంత్రం నడిపిన మనిషి రాసి ఉన్నదాన్ని నిజాయితీగా పాటించాడనీ ఆసుపత్రికి ఉత్తరం కొట్టింది. కింద సంతకం చేసింది. చి.కో. అనే పొడి అక్షరాలు కాకుండా పూర్తిపేరు రాసింది. ఆవిరాయన ఆ కాగితాన్ని మడత పడకుండా యూనిఫారం లోపల దాచుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఇకనుంచి కాగితంలో ఏముంటే అది చేసే ముందు మీకు ఫోను చేస్తానమ్మా అన్నాడు.

అందరూ వెళ్ళాక పెద్దకొడుకు కూడా చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. చిన్నకోడలు అట్టపెట్టె బోర్లించి సామాను మళ్ళీ టేబులు మీద పెట్టుకుంది. కళ్ళజోడు పెట్టె, పెన్నుల డబ్బా, రూళ్ళకర్ర, అన్నీ పాత చోట్లలోకే వెళ్ళాయి. భర్త ఖాళీ అట్టపెట్టెని కాలితో తొక్కి చదును చేసి పడేశాడు. ఆమెకి గట్టిగా నవ్వాలనిపించింది, నవ్వింది కూడా. వెనక ఇంట్లో కుక్కరు కూత వేసింది.

అప్పుడు ఆమెకి చివరి అర గుర్తొచ్చింది. కింద కుడిమూల ఉన్న ఇరవై నాలుగో అర. దానికి చీటీ లేదు, తాళం మాత్రం ఉంది. పదిహేనేళ్ళలో అది తెరవగా ఆమె చూడలేదు.

"తెరవనా మామయ్యగారూ?"

"తాళంచెవి నీదేగా."

లోపల వంద కార్డులు ఉంటాయేమో. అన్నీ మామగారి దస్తూరీ. నాలుగు చదివేసరికి అర్థమైంది, ఇవి ఈ ఇంట్లో అన్న మాటలు. అత్తగారు అన్నవి, పిల్లలు అన్నవి, వచ్చిపోయినవాళ్ళు అన్నవి. మధ్యలో ఒకటి పైకి తీసి ఆమె అలాగే నేలమీద కూర్చుండిపోయింది. "ఐ విల్ గివ్ ఇట్ ఎ షాట్. టైపు పరీక్షకి వచ్చిన అమ్మాయి, నాతో, అరలు చూపించినప్పుడు. తర్వాత: ఆరు నెలల్లో అన్నీ చదివేసింది." ఆమె కళ్ళనీళ్ళు కార్డు మీద పడకుండా చేయి వెనక్కి తీసుకుంది. మనిషిని మెచ్చుకుని ఒక్క మాటైనా పైకి అనని ఈ పెద్దాయన, పదిహేనేళ్ళుగా ఈ మెప్పుని తాళం వేసి దాచుకున్నారు.

కార్డుని జాగ్రత్తగా వెనక్కి పెట్టబోతుంటే అన్నిటికంటే ముందున్నది కనబడింది. కొత్త కార్డు. అయిదు రోజుల కిందటి తారీకు, అంటే ఆపరేషనుకి ముందురోజు. అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉన్నాయి, కళ్ళు ఆనకుండా రాసినవి.

"లాక్, స్టాక్ అండ్ బ్యారెల్. పెద్దవాడు, ఫోనులో ఎవరితోనో, ఆఫీసు గురించి. తర్వాత:"

ఆ తర్వాత ఏమీ లేదు.

ఆమెకి ఆ మాట తెలుసు. అమ్మేవాడు, కొనేవాడు అని రాసి ఉన్న అరలో అది ఉంది, తనే రాసింది. కిందటేడాది ఒక కొట్టు యజమాని కొట్టు అమ్మేస్తూ అన్నాడు. తర్వాత: తాళాలు ఇచ్చేశాడు, మూలనున్న చీపురు కూడా వదిలి వట్టి చేతులతో మెట్లు దిగాడు.

"మామయ్యగారూ," అంది.  "మూడో వరస ఖాళీగా ఉంది."

"జరగనిదాన్ని ఎలా రాస్తానమ్మా," అన్నారాయన. "ఊహించి రాయకూడదని నేనే కదా మీ అందరికీ చెప్పింది. జరుగుతుందేమో అని కాచుకుని కూర్చున్నాను. ఇంతలో కళ్ళకి గుడ్డ కట్టేశారు."

"మీరు ఏమైనా సంతకం పెట్టారా?"

 ఆసుపత్రిలో పెద్దవాడు ఆపరేషను కాగితాలు అన్నాడమ్మా, చేయి పట్టుకుని చూపించిన చోటల్లా సంతకం పెట్టాను, అన్నారాయన. అంటూనే కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు.

వీధి తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. చేతిలో కొలతల టేపు, చెవిమీద పెన్సిలు, లావుపాటి మనిషి. ఎవరి అనుమతీ అడక్కుండా లోపలికొచ్చి గోడని పైనుంచి కిందదాకా చూశాడు.

"ఈ ఇరవై నాలుగేనాండీ?" అన్నాడు. "కొన్నవాళ్ళు కొలుచుకు రమ్మన్నారు. రేపు పొద్దున్న పదింటికి లారీ తెస్తాం."

చిన్నకోడలు నేలమీంచి లేచింది. తాళంచెవిని కొంగున ముడివేసుకుంది. ఆ కార్డు తీసుకెళ్ళి తన టేబులు మీద, వెలుతురులో పెట్టి, కొన్నదెవరో, ఎప్పుడు కొన్నారో చెప్పమని ఆ లావుపాటి మనిషిని కూర్చోమంది. భర్తని వీధి తలుపు మూసి రమ్మంది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని, మూడో వరస దగ్గర చూపు నిలిపి, పెన్ను మూత తీసింది.